యొర్దానుకు ఎర్రనీళ్ళు

మా ఆయనను సంఘం వాళ్ళు ప్రభువు బల్లకు దూరం పెట్టింది పులులు రాసినందుకు. ఇట్లా చెప్తే కొత్తవాళ్ళకు అర్థం కాదని నాకు తెలుసు, అందుకే మొదటినుంచీ చెప్తాను. నడుమ నన్ను ఆపకూడదు. ఆపితే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే మా అత్తగారి వంశాన్నంతా తిట్టడం మొదలుపెడతాను, కథ అక్కడే కూలబడుతుంది.

మా ఆయన పేరు ప్రేమయ్య. రంగులు వెయ్యడం ఆయన పని. బండి చక్రాలు, ఎద్దుల కొమ్ములు, అంగళ్ళ ముందరి పలకలు, పెండ్లిండ్ల గోడలు, ఏదైనా సరే, కోసిగి చుట్టుపక్కల ఎవరికి రంగు కావలసినా ప్రేమయ్య రావలసిందే. పీర్ల పండుగ వచ్చిందంటే పులివేషాలు కట్టేవాళ్ళు పొద్దున్నే మా వాకిట్లో వరస కట్టేవాళ్ళు. ఒళ్ళంతా పచ్చగా పూసి, నల్ల చారలు గీసి, మూతికి మీసాలు దిద్ది పంపేవాడు. నేను వాకిలి ఊడ్చుకోవడానికి పులుల్ని పక్కకు జరగమని చీపురుతో అదిలించేదాన్ని.

ఆ ఏడు ఒక పులి తప్పెట మోతకు ఒళ్ళు మరిచి ఎగురుతూ ఎగురుతూ నేరుగా మా ఏసేపు అయ్యగారి అరుగెక్కింది. అయ్యగారంటే మా సంఘానికి పాస్టరు. ఆయన అరుగు మీదే భోంచేస్తున్నారు. పళ్ళెంతో సహా లోపలికి పోయి గడియ వేసుకున్నారు. వేసుకుని, "ఈ మృగాన్ని ఎవరు చేశారు?" అని తలుపు సందులోనుంచి అడిగారు. పులి నిజం చెప్పే మనిషి. "మన ప్రేమయ్యన్నే సామీ, బాగుండాదా?" అంది.

మరుసటి ఆదివారమే తీర్పు చెప్పేశారు. అన్యుల పండుగలో చెయ్యి పెట్టాడు గనుక ప్రేమయ్య గుడికి రావచ్చు, పాటలు పాడవచ్చు, బల్లలో మాత్రం భాగం లేదు. మాకు నెలకొక ఆదివారం బల్ల. ఒక రొట్టె తుంపు, ఒక గుక్క ద్రాక్షరసం, అంతే. కడుపు నిండేది కాదు. అయినా ఆ పళ్ళెం కదిలే వేళకు మా ఆయన లేచి, తలవంచుకుని, బయట చెప్పులు విడిచిన చోటికి పోయి కూర్చునేవాడు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని ఆ రొట్టె తుంపును నోట్లో పెట్టుకుంటే గొంతులో దిగేది కాదు. అన్నం పెట్టేది నేను, తిట్టేది నేను, ఆయన్ని బయట కూర్చోబెట్టడానికి వీళ్ళెవరు అని మండిపోయేది. ఇంటికి వచ్చి ఆ మంట కూడా ఆయన మీదే చూపించేదాన్ని, ఇంకెవరి మీద చూపించను?

ఇట్లా ఉండగా మా కొత్త గుడి కట్టడం అయింది. పాతది మట్టిగోడల కొట్టం. కొత్తదానికి రాతిగోడలు, సున్నపు పూత, అయ్యగారు నిలబడి చెప్పేచోటి వెనకాల పెద్ద గోడ. ఆ గోడ మరీ బోసిగా ఉందని అయ్యగారికి అనిపించింది. కర్నూలు దొరసాని ఎప్పుడో ఇచ్చిన పటం ఒకటి ఆయన పెట్టెలో ఉంది. ప్రభువు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నది పటం. దాన్ని గోడమీద పెద్దగా రాయించాలని ఆయన కోరిక. రాయగలవాడు చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు, వాడు చెప్పుల దగ్గర కూర్చుని ఉన్నాడు.

అయ్యగారు మా ఇంటికి వచ్చారు. గొంతు సవరించుకున్నారు. పులుల ఊసెత్తలేదు.

"ప్రేమయ్యా, యొర్దాను రాయి. ప్రతిష్ఠ ఆదివారానికి గోడ సిద్ధం కావాలి. ఆ రోజే బల్ల కూడా ఉంది. నువ్వు నీ చోట కూర్చోవచ్చు."

మా ఆయన ఏదో అడగబోయాడు. నేను వెనకనుంచి వీపు మీద గట్టిగా గిల్లాను. "రాస్తాడయ్యగారూ," అన్నాను.

పటం చూస్తే అంతా బూడిదరంగు. ఒక నది, రెండు గట్లు, అవతల కొండలు, నీళ్ళ మీద తెల్లగా పొగ మాదిరి ఏదో. ఆ కాలపు అచ్చుపటాలు అంతే, రంగులు ఉండవు.

"నీళ్ళు యేం రంగు అయ్యగారూ?" అని అడిగాడు మా ఆయన.

"నీలం. నది నీలంగా ఉంటుంది."

"మీరు కర్నూల్లో తుంగభద్ర ఒడ్డున పుట్టి పెరిగినోళ్ళు. అది యెప్పుడన్నా నీలంగా ఉండిందా?"

"అది తుంగభద్ర. ఇది యొర్దాను. నీలం వెయ్యి."

చెప్పి, ఏవో సభలున్నాయని అయ్యగారు కర్నూలుకు బండి కట్టించుకుని వెళ్ళారు. మా ఆయన నీలిమందు నూరి, సున్నంలో కలిపి, చింతగింజల జిగురు పోసి, గోడంతా నీలం వేశాడు. సంఘమంతా వచ్చి చూసింది. చూసినవాళ్ళు ఊరుకుంటారా?

సంఘపెద్ద సుంకప్ప చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. "బట్టలు జాడించిన తొట్టి మాదిరి ఉండాది," అన్నాడు.

అప్పుడు సిద్దమ్మవ్వ ముందుకు వచ్చింది. ఈ సిద్దమ్మవ్వ ముందటి ఏడే బాప్తిస్మం తీసుకున్నది. మనిషి సంఘంలోకి వచ్చింది కానీ పేరు మార్చుకోలేదు. దేవునికి నా పాత పేరు తెలీదా అని అయ్యగారినే అడిగింది. ముసలావిడ గోడ దగ్గరికి పోయి నీలాన్ని వేలితో తాకి చూసింది.

"ఇంత తేట నీళ్ళు చెలమలో ఉంటాయి అబ్బీ. ఇసక తోడితే ఊరతాయే, ఆ నీళ్ళు. ఇంత పెద్ద చెలమ యాడుంటాది? ఏరంటే ఎర్రగా రావల్ల."

ఆ మాట అందరికీ సరిపోయింది. మా ఊరి పక్క వాగు, మేము వంక అంటాం, అది గుర్తుకొచ్చింది. రెండేండ్లుగా వానల్లేక మా వంకలో ఇసక తప్ప ఏమీ లేదు, ఆ ఇసకలో తోడుకున్న చెలమ నీళ్ళే తాగుతున్నాం. చెలమ నీళ్ళు తేటగానే ఉంటాయి. కానీ వాటిని చూసి సంతోషపడినవాడు మా వైపు ఒక్కడూ లేడు. పైన ఎక్కడో వాన పడి, వంకలోకి కొత్తనీళ్ళు వస్తున్నాయని కేక వినబడితే, ఆ నీళ్ళు చిక్కగా, ఎర్రగా, నురగతో, కంపలు ఈడ్చుకుంటూ వస్తాయి. అవీ నీళ్ళంటే. పొయ్యిమీద సంకటి మాడిపోతున్నా వదిలేసి పరిగెత్తేవాళ్ళం.

మా ఆయన నీలమంతా గీకేశాడు. గుట్ట దగ్గరికి పోయి గంపెడు జాజుమన్ను తవ్వుకొచ్చి, నానబెట్టి, గోడమీద ఎర్రనీళ్ళు పారించాడు. గోడ మధ్యనుంచి నేల అంచుదాకా నీళ్ళే. సుడులు వేశాడు, నురగ వేశాడు. నడుమ కొట్టుకుపోయే తుమ్మచెట్టు వేసి, దాని కొమ్మ మీద ఒక కోడిని కూర్చోబెట్టాడు.

"కోడి ఎందుకయ్యా?" అన్నాను.

"వరదలో కోడి రాకుండా ఉంటాదా? ఎవురిదో ఒకరిది వస్తాది."

నాకు బాగానే ఉంది. ఆయనకే లేదు. గోడకు ఎదురుగా గొంతుక్కూర్చుని చూస్తూ ఉండేవాడు. "పొద్దు రాలేదు జీవమ్మా," అనేవాడు. నీళ్ళూ ఆకాశమూ కలిసే చోట తెల్లవారి వెలుతురు రావాలట. పచ్చమన్ను పూస్తే గోధుమపిండి అంటినట్టుంది. సున్నం కలిపితే పాలు ఒలికినట్టుంది. తుడవడం, పూయడం, తుడవడం.

"నీళ్ళుండాయి, వెలుతురు లేదు. వెలుతురు లేకపోతే అది గోడే."

"గోడే కదయ్యా," అన్నాను నేను. ఆయన గుడ్డ తీసుకుని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

ప్రతిష్ఠ ఆదివారం వచ్చింది. పొద్దు రాకుండానే వచ్చింది. అయ్యగారి బండి దారిలో ఆలస్యమై, అందరూ కూర్చున్నాక ఆయన నేరుగా గుడికే వచ్చారు. తెల్లటి పంచె, తెల్లటి కోటు. బయట ఎండ మండిపోతోంది, లోపల నీడగా ఉంది. ఎండలోనుంచి గడప దాటి రెండడుగులు వేసి తలెత్తి చూశారు. ఎదురుగా గోడంతా, నేలదాకా, ఎర్రటి వరద. అయ్యగారు రెండు చేతులతో పంచెను మోకాళ్ళపైకి ఎత్తుకుని, టక్కున నిలబడిపోయారు.

అందరం చూశాం. ఎవరమూ నవ్వలేదు, నవ్వు ఆపుకోవడానికి పాటల పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాం. అయ్యగారు పంచె వదిలి, ఒకసారి దగ్గి, గోడవారగా నడిచి తన చోటికి చేరుకున్నారు. మా ఆయన వైపు ఒక చూపు చూశారు. ఆ చూపులో నీలం ఏమైందని ఉంది, కోడి ఎక్కడిదని కూడా ఉంది. కానీ ప్రార్థన వేళ దాటిపోతోంది గనుక కండ్లు మూసుకోమన్నారు.

అయ్యగారి ప్రార్థన పొడుగు. అందులోనూ ఆ రోజు కోపంతో ఇంకా పొడుగైంది. గోడ ఇంకా పూర్తిగా ఆరలేదు, జాజు వాసన వేస్తోంది. జాజంటే మన్నే కదా. తడిమన్ను వాసన. రెండేండ్లుగా మేమెవరమూ ఎరగని వాసన. కండ్లు మూసుకుని ఆ వాసన పీలుస్తుంటే నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలియలేదు. కండ్లు మూసుకోనిది సిద్దమ్మవ్వ ఒక్కతే. ఆమె నడుముకు ఎప్పుడూ ఒక ఆకువక్క సంచి ఉంటుంది. అందులో వక్కలు, సున్నపు డబ్బీ, దెబ్బలకు పెట్టుకోవడానికి ఒక పసుపు పొట్లం. మా వైపు కొత్తనీళ్ళు వస్తే ఆడవాళ్ళు పసుపు వేసి, ఒక దోసిలి తలమీద చల్లుకుని, అప్పుడు కడవ ముంచుతారు. సిద్దమ్మవ్వ పుట్టినప్పటినుంచీ అదే చేసింది. బాప్తిస్మమేమో నిన్న మొన్నటిది.

"వస్తివా తల్లీ, ఇన్నాళ్ళకు వస్తివా," అని వినబడి కండ్లు తెరిచాం. ముసలావిడ గోడ ముందు నిలబడి ఉంది. పసుపు పొట్లమంతా విసిరేసింది. అంతటితో ఆగక, వంగి, గోడలో నీళ్ళు ముంచినట్టు ముంచి తలమీద చల్లుకుంది. మా ఆడవాళ్ళ వైపు సగం మంది చేతులు వాటంతటవే తలలమీదికి పోయాయి. నాదీ పోయింది. పేను కుట్టినట్టు గోక్కున్నాను. సుంకప్పకు మాత్రం చెయ్యి ఎందుకు ఎత్తాడో చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు, ఎందుకంటే ఆయన తలమీద వెంట్రుకే లేదు.

అయ్యగారి మొహం గోడ రంగుకు తిరిగింది. "దేవుని మందిరంలో. మొదటి రోజున," అన్నారు. తరువాత మా ఆయన వైపు తిరిగారు. "ప్రేమయ్యా, నీలం వెయ్యమంటే ఎరుపు వేశావు. అందుకే ఇదంతా. సరే, ఆ పసుపు తుడిచెయ్యి. తుడిచి, వచ్చి బల్లలో కూర్చో. నేను మాట తప్పను."

నా ప్రాణం లేచొచ్చింది. తుడిచేదానికి ఎంతసేపు? తడిగుడ్డ కూడా నేనే తీశాను.

మా ఆయన కదలలేదు. గోడనే చూస్తున్నాడు. పసుపు పోయి పోయి ఎర్రనీళ్ళూ ఆకాశమూ కలిసే చోట పడింది. తడిమీద పడింది గనుక అతుక్కుంది.

"పొద్దొచ్చె," అన్నాడు.

"ఏమన్నావు?" అన్నారు అయ్యగారు.

"పొద్దు అయ్యగారూ. నాకు రానిది అవ్వ చేతికి వచ్చె. నేను తుడవను."

నేను లేచి నిలబడ్డాను. గుళ్ళో ఆడది మగవాళ్ళ వైపు తిరిగి మాట్లాడకూడదని తెలుసు. మాట్లాడాను. "ఏమయ్యా, నీకు తలకాయ ఉండాదా? అప్పుడేమో పులులు, ఇప్పుడేమో చిటికెడు పసుపు. ఎన్నాళ్ళు నేను ఒక్కదాన్నే తినల్ల? నీకు నేను కావల్నా, ఆ పసుపు కావల్నా?"

"జీవమ్మా," అన్నాడు మెల్లగా, "ఒకసారి చూడు."

చూశాను. తెల్లవారింది. అంతకంటే ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. నిన్నటిదాకా గోడగా ఉన్నది ఇప్పుడు ఏరుగా ఉంది. ఆయన చెప్పింది నిజమని తెలిసేసరికి నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది, గుడ్డను విసిరికొట్టాను.

"అయితే బల్ల లేదు," అన్నారు అయ్యగారు. మా ఆయన లేచి, అలవాటుగా తలవంచుకుని, చెప్పుల దగ్గరికి వెళ్ళాడు. వెళ్తూ కూడా ఒకసారి వెనక్కి తిరిగి గోడను చూసుకున్నాడు. నన్ను కాదు, గోడను.

"సుంకప్పా, మూలన సున్నం మిగిలి ఉంది కదా. ఆ పసుపు మీద ఒక పూత కొట్టు," అన్నారు అయ్యగారు.

ఆ మాటకు ఆడవాళ్ళ వైపు తలలన్నీ లేచాయి. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పసుపులో సున్నం పడితే ఏమవుతుందో తెలియని ఆడది ఉంటుందా? బిడ్డకు దిష్టి తీసినా, పెండ్లికూతురికి హారతి ఇచ్చినా ఎర్రనీళ్ళు చేసేది అట్లాగే కదా. మేము సంఘంలోకి వచ్చాక మానేశాం, మానేశామని చెప్పుకుంటాం. అయ్యగారి సంగతి వేరు. వాళ్ళు తాతల కాలంనాడే సంఘంలో చేరినవాళ్ళు. ఆయనకు పుట్టినప్పుడు దిష్టి తియ్యలేదు, పెండ్లికి హారతి పట్టలేదు. పసుపు కూరలో, సున్నం గోడకు. రెండూ కలవడం ఆయన జన్మలో చూసి ఉండరు.

సుంకప్పకు తెలుసు. "నాకు చెయ్యి లేవదయ్యగారూ, వాతం," అన్నాడు. ఇందాక తలమీద చల్లుకోవడానికి లేచిన చెయ్యే అది.

చెప్పాలని నేను నోరు తెరిచాను. చెప్పుల దగ్గర ఆయన వీపు కనబడింది. నోరు మూసుకుని, మళ్ళీ తెరిచాను. "మీరే కొట్టండయ్యగారూ. దిట్టంగా కొట్టండి," అన్నాను.

అయ్యగారు కోటు విప్పి, కుంచె ముంచి కొట్టారు. సున్నం పలచనిది. కుంచె తగిలిన చోటల్లా పసుపు ఎర్రబడింది. మామూలు ఎరుపు కాదు, తెల్లవారి కొండమీద పొద్దు కన్ను తెరిచే ముందు ఉంటుందే, ఆ ఎరుపు. అయ్యగారు కుంచె ఆపి చూశారు. సున్నం చాలలేదనుకున్నారు. ఇంకా కొట్టారు. ఇంకా ఎర్రబడింది. చుట్టూ కొట్టారు, పొద్దు చుట్టూ పాకింది. పలచని సున్నం ధార కట్టి, పసుపును వెంటేసుకుని, నీళ్ళమీదుగా కిందికి జారింది. ఏట్లో పొద్దు పడి మెరిసే దారి ఎట్లా ఉంటుందో అట్లాగే పడింది. కోడి వీపు కూడా మెరిసింది.

అయ్యగారు చెమటలు కక్కుతూ మళ్ళీ కుంచె ముంచారు. అప్పుడు గడప అవతలినుంచి మా ఆయన గొంతు వినబడింది.

"చాలయ్యగారూ. ఇంకొక పూత పడితే మధ్యాహ్నమైపోతాది."

ఇక ఎవరూ ఆపుకోలేకపోయారు. పాటల పుస్తకాలు అడ్డం పెట్టుకోవడానికి కూడా ఓపిక లేదు. సిద్దమ్మవ్వ ఒక్కతే నవ్వలేదు. "ఎర్రనీళ్ళతో దిష్టి గూడా తీస్తిరే, సల్లగుండు నాయనా," అని అయ్యగారిని దీవించింది. అయ్యగారికి అప్పుడు అర్థమైంది. చేతిలో కుంచెను చూసుకున్నారు. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి, తెల్లపంచె మీద ఎర్రచుక్కలున్నాయి.

నవ్వు తగ్గాక నేను అడిగాను. అరవలేదు, మెల్లగానే అడిగాను.

"అయ్యగారూ, పసుపు అవ్వ వేసె. సున్నం మీరు కొడితిరి. ఈ పొద్దులో మా ఆయన చెయ్యి యాడుండాదో చూపించండి. పసుపు వేసిన అవ్వ లోపలుండాది, పంచె ఎత్తుకున్న మీరు లోపలుండారు. ఆయన ఒక్కడు బయటెందుకు?"

అయ్యగారు కుంచె కింద పెట్టారు. వెనక్కి నాలుగడుగులు వేసి గోడను చూశారు. తుంగభద్ర ఒడ్డున పుట్టిన మనిషి. ఆ చూపులో యొర్దాను లేదు, తన చిన్నప్పటి ఏరు ఉంది, నాకు తెలుసు. తరువాత రొట్టె పళ్ళెం తీసుకుని, ఎవరికీ పెట్టకుండా, అందరి నడుమ నడిచి గడప దాటి చెప్పుల దగ్గరికి వెళ్ళారు. ఎర్రటి వేళ్ళతోనే ఒక తుంపు తీసి ఇచ్చారు. తెల్లటి రొట్టెమీద ఆయన వేలిముద్ర ఎర్రగా పడింది. మా ఆయన దాన్ని ఒకసారి తిప్పి చూసి, రంగు బాగుందన్నట్టు తల ఊపి, నోట్లో పెట్టుకున్నాడు.

"లోపలికి రా ప్రేమయ్యా," అన్నారు అయ్యగారు.

ఇద్దరూ వచ్చారు. గడప దగ్గర అయ్యగారు ఒక్క క్షణం ఆగి, ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని, ఇంకో చేత్తో పంచె పైకెత్తుకున్నారు. ఈసారి తెలిసే ఎత్తుకున్నారు. ఆయన వెనకాలే మా ఆయనా పంచె ఎత్తుకుని, జాగ్రత్తగా అడుగులో అడుగు వేసుకుంటూ ఆ నీళ్ళలోనుంచి నడిచి వచ్చి తన చోట కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. పళ్ళెం మా వైపుకు వచ్చింది. నేను ఒక తుంపు తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. దిగింది.